తుపాకీ కంటే ముందు గొట్టం, గొట్టం కంటే ముందు చట్టం

(విశాఖపట్నంలో జరిగిన మన సంఘం మండల ప్రతినిధుల సమావేశంలో చేసిన ప్రసంగం. సభ్యులు కోరినందున పూర్తి పాఠం ఇస్తున్నాం.)



పొద్దుటి నుంచీ గిట్టుబాటు ధరల గురించి, చెరకు బకాయిల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు మాట్లాడబోయే సంగతి ఎజెండాలో చివర పెట్టినా, మండలాల నుంచి వచ్చిన రిపోర్టుల్లో మాత్రం మొదటే ఉంది. అదే అడవిపంది. మొక్కజొన్న కండె పాలు పట్టే వేళకు మంద దిగుతుంది. తిన్నది కొంత, తొక్కి పడేసింది అంతకు రెట్టింపు. కంద, కర్రపెండలం, వేరుశనగ అయితే ముట్టెతో తవ్వి దున్నేసినట్టే చేస్తుంది. చెరకు తోటలో అయితే కాపురమే పెట్టేస్తుంది. అప్పు తెచ్చి పెట్టిన పంట ఒక్క రాత్రిలో పోతే, తెల్లారి గట్టు మీద కూర్చున్న రైతుకు ఏం చెప్పాలో మనకెవరికీ తెలియదు.

ఈమధ్య మన సభ్యుడు ఒకాయన సంఘం ఆఫీసుకు వచ్చారు. ఫోన్‌లో రెండు తుపాకుల ఫొటోలు చూపించారు. రెండూ బోల్టు లాగి కొట్టే రైఫిళ్లే. రెంటికీ అదే చెక్క, అదే బోల్టు పిడి, అడుగున అదే తూటాల పెట్టె. ఒకటి లైసెన్సు ఉన్న దుకాణంలో అమ్మకానికి ఉంది. రెండోది బంధువుల ఇంట్లో ఎప్పటినుంచో అటక మీద ఉన్నది, ఊరికే ఇస్తామంటున్నారట. "లైసెన్సుకు అర్జీ పెడతాను. రెండూ ఒకేలా ఉన్నాయి కదా, ఏది తీసుకోమంటారు?" అని అడిగారు.

వెంటనే జవాబు చెప్పలేకపోయాం. మన సంఘంలోనే ఉన్న మాజీ సైనికులను అడిగాం, చట్టం పుస్తకం ముందేసుకుని వకీలుతో కూర్చున్నాం. అప్పుడు తెలిసింది: తుపాకీకి ప్రాణం గొట్టంలో ఉంది. చెక్క నునుపు, బోల్టు మెరుపు చూసి కొనేది కాదు అది. తెలుసుకున్నది మీ అందరికీ చెప్పాలనే ఈ ప్రసంగం.

రెండు తుపాకులు, 0.3 మిల్లీమీటర్ల తేడా

దుకాణంలో ఉన్నది .315 బోరు స్పోర్టింగ్ రైఫిల్. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారవుతుంది. అటక మీద ఉన్నది .303 బోరు, సైన్యం వాడిన లీ ఎన్‌ఫీల్డ్ జాతి. బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం. .303 అంటే అంగుళంలో వెయ్యో వంతులు 303, అంటే 7.7 మిల్లీమీటర్లు. .315 అంటే 8 మిల్లీమీటర్లు. తేడా 0.3 మిల్లీమీటర్లు. కంటికి ఆనదు.

చట్టానికి మాత్రం బాగా ఆనుతుంది. సైన్యం తూటా పేల్చగల .303, 7.62 మిల్లీమీటర్ల బోల్టు రైఫిళ్లు మన దేశంలో నిషేధిత ఆయుధాలు. కేంద్ర ప్రభుత్వ ప్రత్యేక అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోకూడదు. సైన్యం తూటా బయటివాళ్ల తుపాకీలో పేలకూడదన్న ఆలోచనతోనే ఈ .315 బోరు మన దేశంలో వాడుకలోకి వచ్చింది.

శిక్షలు చూడండి. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించాక, లైసెన్సు లేని మామూలు తుపాకీ దొరికితే 2 నుంచి 5 ఏళ్ల జైలు. అదే నిషేధిత ఆయుధం అయితే 7 నుంచి 14 ఏళ్లు. పంది మీద కోపంతో అటక మీది తుపాకీ ఇంటికి తెచ్చుకుని ఉంటే, మన సభ్యుడి పిల్లలు పెద్దవాళ్లయ్యేసరికి కూడా ఆయన ఇల్లు చేరేవారు కాదు. ఆ బంధువులకూ ఇదే చెప్పాం: "తాతగారి జ్ఞాపకం అని దాచుకోకండి, వకీలును వెంటబెట్టుకుని వెళ్లి స్టేషన్‌లో అప్పజెప్పండి." మీ ఊళ్లో ఎవరింట్లోనైనా పాత తుపాకీ ఉంటే ఈ మాట వాళ్ల చెవిన వేయండి.

రైతుకు చట్టం చూపించే గొట్టం ఏది?

1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ మనం తప్పక చదవాలి. పంట కాపలాకు లైసెన్సు ఇచ్చే విషయంలో అది గొట్టాన్ని బట్టే మాట్లాడుతుంది. నిజంగా పంట రక్షణకే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలి. అది చాలదని అధికారి అనుకుంటే, గొట్టం పొడవు 20 అంగుళాలకు తగ్గని, లోపల నునుపుగా ఉండే తుపాకీకి ఇవ్వవచ్చు. లోపల గాళ్లు కోసిన రైఫిల్ ఈ పంట కాపలా మాటలో లేదు. దానికి అర్జీ పెట్టుకోవచ్చు గానీ, ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి విచక్షణ.

అదే చట్టంలో మనకు పనికొచ్చే మాటలు ఇంకొన్ని ఉన్నాయి. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని 14వ సెక్షన్ చెబుతోంది. కౌలు రైతులు దీన్ని గుర్తుపెట్టుకోండి. నిరాకరిస్తే కారణం రాతలో నమోదు చేయాలి. అడిగితే ఆ కారణం మనకు చెప్పాలి. దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. "పో, రా" అని తిప్పితే తిరిగి రావద్దు, కాగితం అడగండి.

అర్జీ ఎక్కడ పెట్టాలన్నది కూడా గందరగోళంగా ఉంది. నగర కమిషనరేట్ పరిధిలో అయితే పోలీసు కమిషనర్‌కు, జిల్లాలో అయితే కలెక్టర్‌కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి, చోడవరం, నర్సీపట్నం వాళ్లు అనకాపల్లికి, చింతపల్లి, అరకు వాళ్లు పాడేరుకు వెళ్లాలి. విశాఖ బస్సెక్కి ఒక రోజు కూలి పోగొట్టుకోకండి.

నునుపు గొట్టం, గాళ్ల గొట్టం

చట్టం ఎందుకిలా తేడా చూపిందో తెలియాలంటే గొట్టం ఎలా పనిచేస్తుందో తెలియాలి. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాళ్లు ఉంటాయి. లీ ఎన్‌ఫీల్డ్‌లో అయితే ఐదు గాళ్లు. ప్రతి 10 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతాయి. తూటా ఆ గాళ్లను పట్టుకుని బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. తిరిగే బొంగరం ఎలా నిటారుగా నిలుస్తుందో, తిరిగే తూటా అలా తిన్నగా పోతుంది. ఎంత దూరం? గురి తప్పితే, అడ్డం ఏదీ లేకపోతే, రెండు మూడు కిలోమీటర్లు దాటి కూడా పోగలదు.

ఇప్పుడు మన పొలాలు ఎలా ఉన్నాయో చూడండి. ఆనందపురం, భీమిలి, సబ్బవరం వైపు పొలం, లేఅవుటు కలిసిపోయాయి. పంది మన గట్టు మీద ఉంటే, దాని వెనక రోడ్డుంది, కళ్లం ఉంది, అపార్టుమెంటు ఉంది, ఇటుక బట్టీలో పడుకున్న కూలీలు ఉన్నారు. రాత్రిపూట, సెల్లు లైటు వెలుతురులో, చదును నేల మీద నిలబడి రైఫిల్ పేల్చడమంటే ఆ తూటా ఎక్కడ ఆగుతుందో తెలియకుండా పేల్చడమే.

12 బోరు నునుపు గొట్టం సంగతి వేరు. అందులోంచి గుళ్లు గుంపుగా వస్తాయి, విడిపోతాయి, త్వరగా వేగం తగ్గి పడిపోతాయి. బోరు సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఇందులోనూ గొట్టాన్ని బట్టి తేడా ఉంది. మూతి దగ్గర గొట్టాన్ని కాస్త ఇరుకు చేస్తారు, దాన్ని చోక్ అంటారు. ఫుల్ చోక్ గొట్టం అయితే 40 గజాల దూరంలో 30 అంగుళాల వలయంలోకి నూటికి 70 గుళ్లు పడతాయి. ఇరుకు లేని గొట్టం అయితే 40 దాకానే. జంట గొట్టాల తుపాకీలో తరచుగా ఒక గొట్టం ఎక్కువ ఇరుకు, రెండోది తక్కువ ఇరుకు ఉంటాయి. దుకాణంలో అడిగి తెలుసుకోండి.

ఇందులోనూ ఒక ప్రమాదం ఉంది. పిట్టలు కొట్టే సన్నగుళ్లు పందికి తగిలితే చావదు, గాయపడుతుంది. మగపందికి భుజాల మీద తోలు డాలులా మందంగా ఉంటుంది. గాయపడిన పంది చెరకులో దూరి, తెల్లారి నీళ్లు పెట్టడానికి వెళ్లిన మనిషి మీద పడుతుంది. ఎల్‌జీ, ఎస్‌జీ లాంటి పెద్ద గుళ్లయినా దగ్గరగా ఉంటేనే పనిచేస్తాయి. దూరం ఎక్కువైతే పేల్చకపోవడమే తెలివి.

రెండు .315లు ఎదురెదురుగా ఉంటే

పంటకు, పల్లెకు దూరంగా కొండవారన ఉండేవాళ్లు, షూటింగ్ నేర్చుకున్నవాళ్లు, రైఫిల్ లైసెన్సు వచ్చినవాళ్లు మనలో కొందరు ఉన్నారు. వాళ్లు సెకండ్‌హ్యాండ్ రైఫిల్ కొనేటప్పుడు ఒకే మోడలువి రెండు ఎదురుగా పెడతారు. అప్పుడు ఏది తీసుకోవాలి?

మొదట నంబరు చూడండి. గొట్టం మీద బోరు, తయారీ నంబరు, పరీక్ష ముద్ర ఉండాలి. ముద్రలు లేని తుపాకీ అమ్మడమే నేరం. అరగదీసిన నంబరు ఉంటే ఆ దుకాణంలోంచి బయటికి వచ్చేయండి.

తర్వాత తూటా లేదని రెండుసార్లు చూసుకుని, బోల్టు తీయించి, వెనకవైపు నుంచి గొట్టంలోకి చూడండి. మూతి ముందు తెల్ల కాగితం పట్టుకోమనండి. గాళ్ల అంచులు స్పష్టంగా, పదునుగా కనిపించాలి. అరిగిపోయి గుండ్రంగా ఉంటే తూటా సరిగా తిరగదు. లోపల మచ్చల్లా గుంటలుంటే అది తుప్పు తిన్న గొట్టం. మనది సముద్రపు గాలి. గాజువాకలో గేటు ఎంత త్వరగా తుప్పు పడుతుందో తుపాకీ గొట్టమూ అంతే. నూనె రాయకుండా ఒక్క వానాకాలం వదిలేస్తే లోపల పాడవుతుంది. లోపల ఉంగరంలా నీడ కనిపిస్తే గొట్టం అక్కడ ఉబ్బిందని అర్థం. ఎప్పుడో అడ్డం ఉండగా పేల్చారు. అది ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

మూడోది మూతి అంచు. తూటా చివరిగా తాకే చోటు అదే. అక్కడ చిన్న నొక్కు ఉన్నా గురి పక్కకు పోతుంది. చాలామంది దీన్ని చూడరు.

నాలుగోది గొట్టానికీ చెక్కకూ మధ్య సందు. మన తేమకు చెక్క ఉబ్బుతుంది. ఉబ్బిన చెక్క గొట్టాన్ని ఒక పక్కకు నొక్కితే, వేసవిలో సరిగా కొట్టిన తుపాకీ వానాకాలంలో తప్పుతుంది. పంట కాపలా అంతా వానాకాలంలోనే కదా.

ఐదోది పొడవు, బరువు. పొడవు గొట్టం చెరకులో తగులుకుంటుంది. పొట్టి గొట్టానికి మోత, మంట ఎక్కువ. బరువైన గొట్టం వరసగా పేల్చేవాళ్లకు మంచిది గానీ, ఒక్కసారి పేల్చి ఆగే రైతుకు మోత బరువే. ఇవి మీ మీ వీలును బట్టి. అయితే పొడవుగా ఉందని ఎవరి చేతా కోయించకండి. అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయడం 6వ సెక్షన్ కింద నేరం.

చివరిగా, అటక మీద పెట్టిన గొట్టంలో కందిరీగలు మట్టిగూడు పెడతాయి. చూసుకోకుండా పేలిస్తే గొట్టం చిట్లి చేతిలోనే పేలుతుంది.

నాటు తుపాకీ సంగతి ఇక్కడే చెప్పాలి. స్టీల్‌ప్లాంటులో పనిచేసే మన రైతుబిడ్డలను అడగండి, ఇల్లు కట్టే కడ్డీ ఉక్కు వేరు, పేలుడు ఒత్తిడికి ఆగే ఉక్కు వేరు అని చెబుతారు. నీళ్ల పైపుతో చేసిన తుపాకీ పంది కంటే ముందు పట్టుకున్నవాడి చెయ్యి తీస్తుంది. పైగా మన మన్యంలో తుపాకీ అంటే ప్రభుత్వానికి ఎప్పుడూ అనుమానమే. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన నాటి నుంచీ ఆ కన్ను మన మీద ఉంది. లైసెన్సు లేని తుపాకీ దొరికిన గిరిజన రైతు "పంది కోసం" అంటే వినేవాళ్లు తక్కువ.

తుపాకీ ఉన్నంత మాత్రాన పందిని కొట్టలేం

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఆయుధాల లైసెన్సు వేరు, వేట అనుమతి వేరు. 1972 వన్యప్రాణి చట్టానికి 2022లో జరిగిన సవరణ తర్వాత అడవిపంది రెండో షెడ్యూల్లో ఉంది. నిలబడి ఉన్న పంటకు అది ప్రమాదం అయినప్పుడు చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ 11వ సెక్షన్ కింద కారణాలు రాసి ఉత్తర్వు ఇస్తేనే కాల్చాలి. ఆ ఉత్తర్వు చేతిలో లేకుండా లైసెన్సు తుపాకీతో కొట్టినా కేసే. ఉత్తర్వు ఉండి కొట్టినా ఆ కళేబరం ప్రభుత్వ ఆస్తి. మాంసం వాటాలు వేసుకుంటే మళ్లీ కేసు.

విశాఖ చుట్టుపక్కల వాళ్లకు ఇంకో ముడి ఉంది. కంబాలకొండ అభయారణ్యం మన మధ్యలోనే ఉంది. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ముందస్తు సమ్మతి ఉండాలని 34వ సెక్షన్ చెబుతోంది. మధురవాడ వైపు రైతుల అర్జీలు ఎందుకు కదలడం లేదని అడిగేవాళ్లు ముందు ఈ సంగతి చూసుకోండి. అభయారణ్యం లోపలికి అనుమతి లేకుండా ఆయుధంతో అడుగు పెట్టడమే నేరం.

కరెంటు తీగల మాట కూడా చెప్పకపోతే మనం తప్పు చేసినట్టే. గట్టు మీద తీగ కట్టి మెయిన్ లైను కరెంటు ఇస్తే అది పందిని చూసి చంపదు. పక్క చేను రైతును, రాత్రి నీళ్లు కట్టడానికి వచ్చిన కూలీని, కట్టినవాడి కొడుకును కూడా చంపుతుంది. అలాంటి చావులు మనం పేపర్లో చదువుతూనే ఉన్నాం. మన సంఘం సభ్యుడెవరూ ఆ పని చేయకూడదు.

మనం ఏం అడగాలి?

ప్రతి రైతు చేతిలో తుపాకీ పెట్టమని మనం అడగడం లేదు. ఆ తుపాకీ కొనే డబ్బు మనలో ఎంతమందికి ఉంది? ఉన్నా, ఎన్నికల కోడ్ వచ్చిందంటే స్టేషన్‌లో పెట్టమంటారు. పంది మాత్రం కోడ్ పాటించదు.

అందుకే మూడు కోర్కెలు ఈ సభ ముందు పెడుతున్నాం. ఒకటి: 11వ సెక్షన్ ఉత్తర్వు కోసం రైతు జిల్లా కేంద్రానికి తిరగకుండా, అధికారాన్ని మండల స్థాయికి తేవాలి. 2022లో కేరళ ప్రభుత్వం అడవిపందుల విషయంలో పంచాయతీ అధ్యక్షులకు అలాంటి అధికారం ఇచ్చింది. అక్కడ వీలైంది ఇక్కడ ఎందుకు వీలుకాదు? రెండు: శిక్షణ పొందిన, లైసెన్సు ఉన్న షూటర్ల జాబితా మండలానికి ఒకటి ఉండాలి, వాళ్ల ఖర్చు ప్రభుత్వం భరించాలి. మంచె మీద నుంచి కింది నేలలోకి పేల్చడం తెలిసినవాడి చేతిలో రైఫిల్ ఉండటం వేరు, భయంతో వణికే రైతు చేతిలో ఉండటం వేరు. మూడు: పంట నష్టం అంచనా వారం లోపు జరగాలి, పరిహారం కౌలు రైతు పేరునే రావాలి.

ఈలోగా మన చేతిలో ఉన్నది మనం చేద్దాం. నష్టం జరిగిన తెల్లారే ఫొటోలు తీసి, సర్వే నంబరుతో అటవీ రేంజి ఆఫీసులో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అర్జీలు లేకపోతే "మీ మండలంలో పందుల బెడద లేదు" అంటారు. మొక్కజొన్న చుట్టూ ఆముదం, వేరుశనగ చుట్టూ కుసుమ వరసలు వేయమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు, వేసి చూద్దాం. పదిమంది రైతులు కలిస్తే సోలార్ కంచె భారం తగ్గుతుంది.

ఫొటోలు తెచ్చిన మన సభ్యుడు చివరికి ఏం చేశారో చెప్పి ముగిస్తాం. ఆయన ఏ రైఫిలూ కొనలేదు. పొలం నాలుగు దిక్కులా నడిచి చూశారు. మూడు దిక్కుల్లో ఇళ్లు, ఒక దిక్కున రోడ్డు. "ఇక్కడ రైఫిల్ పేలిస్తే పంది కంటే ముందు నా నిద్ర పోతుంది" అన్నారు. నునుపు గొట్టం తుపాకీకి పంట రక్షణ కింద అర్జీ పెట్టారు, రసీదు తెచ్చుకున్నారు. ఆ అర్జీ వెనక సంఘం ఉంది. మీలో ఎవరు పెట్టినా ఉంటుంది. కానీ కొనే ముందు ఒక్కసారి ఆఫీసుకు రండి. గొట్టం సంగతి, చట్టం సంగతి కలిసి కూర్చుని చూద్దాం.

సెలవు.